మంచం మీద రంగుల డబ్బా

ఆసుపత్రిలో పడుకున్న పిల్లల మాట చెల్లే చోటు చాలా తక్కువ. సూది ఎప్పుడు వెయ్యాలో డాక్టరుగారు చెబుతారు. ఏం తినాలో, ఏం తినకూడదో సిస్టరు చెబుతుంది. వద్దు వద్దని ఎంత ఏడ్చినా సూది ఆగదు. అలాంటి పిల్లవాడి ఒళ్ళో రంగుల డబ్బా తెరిచి పెడితే, అందులోంచి ఏ రంగు తియ్యాలన్నది మాత్రం వాడి ఇష్టం. పొద్దుట్నుంచీ వాడి ఇష్టప్రకారం జరిగిన పని బహుశా అదొక్కటే. పులికి నీలం వేస్తానంటే వెయ్యనివ్వాలి.

భిలాయి నెహ్రూ నగర్‌లో మేం కొందరం కలిసి ఆసుపత్రి పిల్లల కోసం రంగులూ కాగితాలూ పోగుచేస్తున్నాం. భిలాయి తెలుగువాళ్ళకి చందాలు కొత్త కాదు. ఉక్కు కార్ఖానా పనికని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. సెక్టార్ 5 బాలాజీ గుడిలో ఉత్సవమైనా, వీధి చివర వినాయకుడి పందిరైనా తలా ఓ చెయ్యి వేసి నడిపినవాళ్ళే. అడిగితే లేదనరు. తలుపు తీసిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చేతిలో పెడతారు. చిక్కల్లా ఏం పెడతారన్నదే.

విరిగిన క్రేయాన్లు, ఆరిపోయిన స్కెచ్ పెన్నులు, నిరుటి నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు, అటక మీది బొచ్చు బొమ్మలు. "పాతవైతే ఏటమ్మా, పిల్లలు ఆడుకోడానికే గదా" అంటారు పెద్దవాళ్ళు, మంచి మనసుతోనే. "పిన్నిగారూ, అన్నదానంలో నిన్నటి అన్నం వడ్డిస్తామా?" అని అడుగుతాను. ఆ మాటతో చాలామందికి అర్థమైపోతుంది. లోపలికెళ్ళి డబ్బులు తెచ్చి, "నువ్వే కొత్తవి కొను" అంటారు.

పాతవి వద్దనడం వెనక మర్యాద ఒక్కటే కాదు, ఒంటికి సంబంధించిన కారణం కూడా ఉంది. కాన్సర్ మందులు ఎక్కుతున్న పిల్లల్లో తెల్లరక్తకణాలు పడిపోతాయి. మనకి జలుబుతో పోయేది వాళ్ళకి ప్రాణం మీదికి వస్తుంది. బొచ్చు బొమ్మని తుడిచి శుభ్రం చెయ్యలేం. బంకమట్టి ముద్ద పదిమంది చేతులు మారితే పదిమంది క్రిములూ మారతాయి. అందుకే ఒక్కో పిల్లకి ఒక్కో డబ్బా, సీలు విప్పనిది. అది ఇంటికి తీసుకుపోవడానికి ఇచ్చినదే. తిరిగి లెక్క అప్పజెప్పమని అడిగితే ఇచ్చిన సంతోషం సగం చచ్చిపోతుంది.

కొనేటప్పుడు మంచం గుర్తుండాలి. సన్నని గుండ్రటి క్రేయాను దుప్పటి మీంచి దొర్లి కిందపడుతుంది, చేతికి సెలైన్ ఉన్న పిల్ల వంగి తీసుకోలేదు. లావుగా, మూడు పలకలుగా ఉండేవి దొర్లవు. కాగితం జారకుండా కింద క్లిప్పున్న పరీక్ష అట్ట కావాలి, లేకపోతే ఎంత మంచి రంగులిచ్చినా దండగే. ఒక్కోసారి కుడిచేతికే క్యాన్యులా పెట్టి, కదలకుండా అట్టముక్క కట్టి ప్లాస్టర్ చుడతారు. అప్పుడు పిల్ల ఎడంచేత్తో గీస్తుంది. గీత వంకర పోతుంది, మొహం చిట్లిస్తుంది, మళ్ళీ గీస్తుంది. ఆ చేతికి రంగు పెన్సిలు పనికిరాదు, గట్టిగా నొక్కితేగానీ దాని రంగు దిగదు. తాకితే చాలు పడే మెత్తటి రంగు ఇవ్వాలి.

కత్తెరలు మేం తీసుకోం. కాగితాన్ని వేళ్ళతో చించి అతికించినా బొమ్మ అవుతుంది. చమ్కీ పొడి కళ్ళల్లోకీ కట్లలోకీ పోతుంది, అదీ వద్దు. ఘాటైన జిగురు వాసనకి మందులతో ఇప్పటికే కడుపులో తిప్పుతున్న పిల్లలు వాంతి చేసుకుంటారు. మూడేళ్ళలోపు వాళ్ళున్న చోటికి పూసలు పంపకూడదు.

ఈ నేల మీద ఈ పని అవసరం ఎక్కువ. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు బాగా ఉంది. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటే ఎముకల్లోంచి నొప్పి పుట్టుకొస్తుంది. తగ్గిందని ఇంటికెళ్ళిన పిల్లలే మళ్ళీ వస్తారు. థలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, గంటలు పడుతుంది. ఆ గంటలు గోడకేసి చూస్తూ గడపాలా? నవా రాయ్‌పూర్‌లో పిల్లల గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రికి వేరే రాష్ట్రాల నుంచి కూడా తల్లిదండ్రులు వస్తారు. ఊరు కొత్త, భాష కొత్త. బొమ్మ గియ్యడానికి భాష అక్కర్లేదు.

భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ వెలిగిన 1959లోనే బ్రిటన్‌లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చింది. ఆసుపత్రిలో పిల్లలకి మందుతోపాటు అమ్మానాన్నలు దగ్గరుండాలి, ఆట ఉండాలి, చదువు ఉండాలి అని చెప్పిన నివేదిక అది. ఆట పిల్లల హక్కని చెప్పే బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. కాగితం మీద హక్కు ఎప్పుడో వచ్చింది. మంచం దగ్గరికి కాగితం రావడమే ఆలస్యం.

హిరోషిమా పాప సదాకో ససాకి సంగతి చాలామంది చదివే ఉంటారు. పన్నెండేళ్ళ పిల్ల, బాంబు పడ్డ పదేళ్ళకి రక్తకాన్సరుతో 1955 ఫిబ్రవరిలో రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో చేరింది. కాగితంతో కొంగలు మడిచింది. మనం ఆ కొంగల్నే తలుచుకుంటాం గానీ, ఆ పిల్లకి కాగితం సరిపోలేదన్నది నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం. మందుల పొట్లాల కాగితాలు దాచుకుంది, దొరికిన ప్రతి ముక్కా వాడుకుంది, పోనుపోను సూది మొనతో మడవాల్సినంత చిన్న కొంగలు చేసింది. ఆ అక్టోబరులో పోయింది. జబ్బు నయం చెయ్యడం అప్పటి వైద్యుల చేతిలో లేకపోయింది. కాగితం ఇవ్వడం మాత్రం ఎవరి చేతిలోనైనా ఉండేదే.

రంగులేసే బొమ్మల పుస్తకాల విషయంలో మాకో పట్టుదల ఉంది. మంచుకొండల మీద జారే పిల్లలు, ఎప్పుడూ చూడని కోటలు ఉన్నవి కొనం. పోలా పండక్కి చేసే మట్టి ఎద్దు, చెరువుగట్టు, మైత్రీబాగ్ జూలోని తెల్లపులి గీసి జిరాక్స్ తీయిస్తాం. పల్లె నుంచి వచ్చిన పిల్ల ఎద్దుని చూడగానే మా ఇంట్లోదానికి కొమ్ములు ఇలా ఉండవని మాట అందుకుంటుంది. అంతవరకూ సిస్టరుతో కూడా నోరు విప్పని పిల్ల!

ఇచ్చేచోట ఫొటోలు తియ్యం, తియ్యనివ్వం. సెలైన్ పెట్టుకున్న పిల్ల మొహం ఎవరి ఔదార్యానికీ సాక్ష్యంగా నిలబడక్కర్లేదు. వార్డు సిస్టరుని ముందు అడిగి, ఎన్ని కావాలంటే అన్నే, ఆవిడ చేతికే ఇచ్చి వచ్చేస్తాం. ఎవరికి ఏది నప్పుతుందో ఆవిడకి తెలిసినట్టు మనకి తెలియదు.

జూన్‌లో బడులు తెరిచే ముందు సుపేలా దుకాణాల్లో మీ పిల్లలకి పుస్తకాలు, పెన్సిళ్ళు కొంటారు కదా, అప్పుడే ఇంకో డబ్బా క్రేయాన్లు, ఒక క్లిప్పు అట్ట, ఒక తెల్లకాగితాల కట్ట కలిపి కొనండి. సీలు తియ్యకండి, దాని మీద మీ పేరు రాయకండి. నెహ్రూ నగర్‌లో ఉంటే మాకివ్వండి. వేరే ఊళ్ళో ఉంటే దగ్గర్లోని పిల్లల వార్డుకి వెళ్ళి, ఏం కావాలో సిస్టరుని అడిగి ఇవ్వండి.