ఎస్.కోటలో తాత తూటా

పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కితే, కొత్తవలస దాటాక కొండలు దగ్గరపడతాయి. అరకు వెళ్లేవాళ్లు కిటికీల దగ్గర చోటు చూసుకుంటుంటే మేం శృంగవరపుకోటలోనే దిగిపోయాం. నాతో టెక్సాస్ నుంచి వచ్చిన బావ. పని ఒక్కటే. తాత పోయాక డీలరు దగ్గర జమచేసిన రైఫిల్‌ని ఏం చెయ్యాలో మావయ్యతో కూర్చుని తేల్చాలి.

ఎస్.కోట అంటే అందరికీ అరకు దారి. ఆగి చూస్తే ఇక్కడా చాలా ఉంది. శివరాత్రికి జనంతో నిండిపోయే పుణ్యగిరి, గోస్తనీ మీద తాటిపూడి రిజర్వాయరు, బొడ్డవర దాటగానే మొదలయ్యే అనంతగిరి ఘాట్.

తాతది .315 బోరు. దాని కథే వేరు. .303 సైన్యం తూటా కాబట్టి బ్రిటిష్ వాళ్లు దాన్ని జనానికి అందనివ్వలేదు. దాంతో ఆస్ట్రియా సైన్యం వాడిన 8 ఎం.ఎం. మాన్లికర్ తూటా .315 పేరుతో ఇక్కడ నిలబడింది. పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ ఆ తూటాలు చేస్తుంది.

బావకి అది పాతకాలం సరుకు. అమెరికాలో అతను ‘వైల్డ్‌క్యాట్’ తూటాలు చేసుకుంటాడు. అంటే ఏ కంపెనీ కేటలాగులోనూ లేనివి. ఒక తూటా ఇత్తడి డొప్ప తీసుకుని, మెడ సన్నం చేసో వెడల్పు చేసో, వేరే సైజు గుండు బిగిస్తారు. కంపెనీ తూటా రెడీమేడ్ చొక్కా, ఇది దర్జీ కుట్టినది. బాగా కుదిరితే కంపెనీలే తీసుకుంటాయి. .22-250ని రెమింగ్టన్ 1965లో, .25-06ని 1969లో అలాగే అమ్మకానికి పెట్టింది. కుదరకపోతే? ఆ తూటా ఏ షాపులోనూ దొరకదు. ఒత్తిడి ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే కంపెనీ పరీక్షా ఉండదు.

“తాతయ్య రైఫిల్‌కి గొట్టం మార్పిస్తే ఎంత బాగుంటుందో నాన్నా!” అన్నాడు బావ.

మావయ్య నవ్వలేదు. “ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా చేస్తే నేరంరా. 1959 చట్టం. ఇప్పుడు వేటా లేదు. అయినా అది కాదు సంగతి. మీ తాత ఈ రైఫిల్ ఎందుకు కొన్నాడో తెలుసా?”

మాకు తెలీదు.

కొండ మీద తాతకో స్నేహితుడు ఉండేవాడట. పందుల నుంచి పంట కాపాడుకోడానికి నాటు తుపాకి. గొట్టం మూతిలోంచి మందు పోసి కూరడమే. కొలత చెయ్యే. ఒక రాత్రి చెయ్యి కాస్త ఎక్కువ పోసింది. గొట్టం పగిలి రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రికి మోసుకొచ్చింది తాతే. “ఆ తర్వాతే కొన్నాడు. ఎవడు పేల్చినా మందు ఒకే కొలత ఉండాలనేవాడు.”

సాయంత్రం తాటిపూడి గట్టు మీద బావ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు. “నేను ప్రతి తూటాకీ మందు తూచి పుస్తకంలో రాసుకుంటాను. ఆయన దగ్గర తక్కెడ కూడా లేదు కదా.”

ఇంట్లో చేసిందా, ఫ్యాక్టరీలో చేసిందా అన్నది కాదు, కొలిచారా లేదా అన్నదే తేడా అని నాకప్పుడు తెలిసింది.

రైఫిల్‌ని ఎవరి పేరునా మార్పించుకోవద్దనుకున్నాం. మర్నాడు అమ్మకం కాగితాల మీద మావయ్య సంతకం పెట్టాడు. పెన్ను పట్టుకున్న ఆ వేళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు బావ.