బొటనవేలి గోరు

కడియం నర్సరీల మీద ఒక కథనం రాయమని సంపాదకులు పంపించారు. రాజమహేంద్రవరం దాటి వేమగిరి వచ్చేసరికే హైవేకి అటూ ఇటూ మొక్కలే. ఏనుగుల్లా, నెమళ్లలా కత్తిరించినవి అందరూ ఫొటోలు తీసుకునేవే. నేను మాత్రం కడియపులంకలో ఒక నర్సరీ వెనకవైపు గ్రీన్‌నెట్ కింద, కోలియస్ వరసల దగ్గర ఆగిపోయాను. భోజనాల వేళ దాకా కదలబుద్ధి కాలేదు.

అక్కడ ఒకావిడ పీట మీద కూర్చుని తలలు తుంచుతోంది. అరవైకి దగ్గర వయసు. బొటనవేలి గోరు పసరుకి నల్లబడింది. కుడిచేత్తో తుంచుతూ ఎడంచేత్తో మొక్క కవరుని పక్కకి జరిపేస్తోంది. కోలియస్ ఆకులు జంటలుగా వస్తాయి, ఒక జంటకి అడ్డంగా పై జంట. మూడు నాలుగు జంటలు రాగానే కొన తీసేయాలి, సరిగ్గా కణుపు పైన. మరీ పైన తుంచితే మిగిలిన మోడు ఎండిపోతుంది. మరీ కిందికి పోతే ఆకు పంగలో మొగ్గలు నలుగుతాయి. ఆవిడ చూపు తర్వాతి మొక్క మీదుంది. వేళ్లే కణుపుని వెతుక్కుంటున్నాయి.

"గోరు దిగట్లేదంటే ఆలస్యం చేసేసినట్టేనండి. కాడ ముదిరిపోద్ది."

కొన చిగురులో పుట్టే ఆక్సిన్ అనే హార్మోను కాండం వెంట దిగుతూ పక్కమొగ్గల్ని లేవనివ్వదు. చిగురు పోగానే రెండు మొగ్గలూ లేస్తాయి. ఒక కొమ్మ రెండవుతుంది, రెండూ నాలుగు. తుంచిన కొనలు కూడా వృథా కావు. తడి కొబ్బరిపొట్టులో గుచ్చితే అవే కొత్త మొక్కలు.

ఇంతలో కారు దిగిన దంపతులు, ఓ మూల పొడుగ్గా ఊదారంగు వెన్ను వేసిన మొక్క చూసి "పువ్వులున్నదే ఇవ్వండి" అన్నారు. కుర్రాడు ఇచ్చేశాడు.

"వెన్నొచ్చిందంటే ఇంక ఆకు మీద ధ్యాసుండదండి దానికి" అందావిడ నెమ్మదిగా. "గిల్లుకోమని చెబుదామంటే, బేరం చెడిపోద్దంటారు."

నాకు కష్టమనిపించింది. తులసికోట దగ్గర వెన్నులు గిల్లని తెలుగిల్లు ఉండేదా? కోలియస్‌దీ తులసి కుటుంబమే, అదే నాలుగు పలకల కాడ. మనం బజ్జీలు వేసుకునే వాము ఆకు కూడా కోలియస్ జాతిదే. అమ్మకి తెలిసిన పని, కొనేవాళ్లకి చెప్పేవాళ్లు లేక పోతోంది.

అంతకన్నా బాధ కూలి సంగతి విన్నాక కలిగింది. ఆ తోటలో అంటు కట్టేవాణ్ణి మేస్త్రీ అంటున్నారు. ఈవిడకి నీళ్లు పోసేవాళ్లకిచ్చే కూలే. మొక్క గుబురుగా, అమ్మకానికి పనికొచ్చేలా తయారయ్యేది ఈ గోటివల్లే కదా! గోదావరి దాటితే వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి ఆవిణ్ణి అక్కడికి పిలిచి, పిల్లల ముందు కూర్చోబెట్టి, పాఠం చెప్పినందుకు డబ్బివ్వాలి. మాటవరసకి అనడం లేదు.

"నేనూ చూడనా అమ్మా?" అన్నాను. మూడు మొక్కలు తుంచాను. ఆవిడేమీ అనలేదు. నేను లేవగానే మూడింటినీ దగ్గరికి లాక్కుని, ఒక్కో కణుపు కిందికి మళ్లీ తుంచింది.