సర్వర్‌కి పాస్‌వర్డ్ లాగిన్ ఇంకా ఎందుకు?

ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ఏ లినక్స్ సర్వర్ లాగ్ అయినా చూడండి. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అంటూ నోటికొచ్చిన పేర్లతో ఫెయిలైన లాగిన్లు బారులు తీరి ఉంటాయి. మన మీద ఎవరికో పగ ఉండి కాదు, ఎస్‌ఎస్‌హెచ్ వాడే పోర్ట్ 22 కనబడితే బాట్లు చేసే పనే అది. టెల్నెట్ రోజుల్లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు నెట్‌వర్క్ మీద వెళ్ళేది. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో అలా పాస్‌వర్డ్‌లు చోరీ అయ్యాకే అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. దాంతో దారిలో చోరీకి అడ్డుకట్ట పడింది గానీ, ఊహించి కొట్టేవాడికి పడలేదు. అందుకే పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేసి, కీతోనే లోపలికి రానివ్వాలంటాను. ప్రైవేట్ కీ మన మెషీన్ దాటదు. సర్వర్ దగ్గర ఉండేది పబ్లిక్ కీ, అది చేసేది సంతకం సరిచూడటం. ఇక ఊహించడానికేం మిగలదు.

పోర్ట్ మారిస్తే చాలదా అంటారు. లాగ్‌లో రొద తగ్గుతుంది, అంతే. స్కానర్‌కి కొత్త పోర్ట్ దొరకడం ఎంతసేపు? ల్యాప్‌టాప్ పోతే గతేంటి అన్నది న్యాయమైన ప్రశ్న. కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టండి, రెండో కీ వేరేచోట దాచండి, పోయినదాన్ని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లోంచి తీసేయండి. 2024లో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో బయటపడ్డ బ్యాక్‌డోర్ ముందు కీలూ పనిచెయ్యవు, నిజమే. అందుకు ఫైర్‌వాల్, అప్‌డేట్లు కూడా కావాలి. అంతేగానీ, తలుపు బద్దలుకొట్టేవాడు ఉన్నాడని తాళం మానేస్తామా?