తాతకీ ఋషికీ మధ్య

మా కూచిపూడి చుట్టుపక్కల కొండ అన్నది లేదు. కాలవ గట్టెక్కితే అదే మాకు ఎత్తు. ఇటు పామర్రు, అటు మొవ్వ, ఎటు చూసినా చదును నేల. వరి కోసిన మళ్ళల్లో చలికాలంలో మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. ఆ నేల మీద పుట్టి పెరిగిన మా మామయ్య డెబ్భై దాటిన మనిషి. కుర్రతనంలో మేళంలో ఆడవేషాలు కట్టాడు, వయసు మళ్ళాక నట్టువాంగం పట్టాడు. ప్రదర్శనల పేరుతో మద్రాసు, ఢిల్లీ తిరిగాడు గానీ బెజవాడ పక్కనే ఉన్న కొండపల్లి కోట చూడలేదు. కొండవీడు సంగతి సరేసరి. ఎప్పుడడిగినా "ఆ మెట్లెక్కే ఓపిక ఎవడికిరా?" అనేవాడు. కొండవీటికి ఘాట్ రోడ్డు పడ్డాక ఆ సాకు చెల్లలేదు.

నేను ఉండేది బెజవాడలో. ధనుర్మాసంలో ఒక ఆదివారానికి కారు మాట్లాడాను. పన్నెండు గంటలు, మూడు వందల కిలోమీటర్లు, దాటితే అదనం, డ్రైవరు బత్తా వేరే. పొద్దున్నే కొండపల్లి, మధ్యాహ్నం కొండవీడు, రాత్రికి మామయ్యని కూచిపూడిలో దింపడం. ఈ లెక్కంతా విని డ్రైవరు, "రెండు కోటలు ఒక్క రోజులో ఎవరూ అడగరు సార్, కొండపల్లి అయ్యాక భవానీ ద్వీపం అడుగుతారు" అన్నాడు. కంకిపాడు కుర్రాడు. మామయ్యని మొదటి నుంచీ పంతులుగారూ అనే పిలిచాడు.

ఇబ్రహీంపట్నం రింగు దగ్గర థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు మంచులోంచి సగమే కనిపించాయి. అక్కడి నుంచి కొండపల్లి ఎంతో దూరం లేదు. ఊళ్ళో ఆగకుండా ముందు కోటకే పోయాం. అడవిలోంచి పైదాకా కారు వెళ్ళే రోడ్డుంది. రెండు పక్కలా మోడుబారిన చెట్లు, మధ్యమధ్య కోతులు. టికెట్లు తీసుకుని లోపలికి నడిచాం.

కొండపల్లి కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల నాటిది. తర్వాత గజపతులు, వాళ్ళ నుంచి విజయనగరం, ఆపైన గోల్కొండ సుల్తానులు, 1766లో ఇంగ్లీషువాళ్ళు. 1859 దాకా ఇక్కడ సైనికులకి శిక్షణ కూడా ఇచ్చారట. దర్గా దర్వాజా ఎదుట నిలబడితే ఇంతమంది దీన్ని ఎందుకు కోరుకున్నారో తెలుస్తుంది. ఒకదాని వెనక ఒకటిగా మూడు ద్వారాలు. బలంగా తోసుకొచ్చినవాడు కూడా అక్కడ మలుపులు తిరగాల్సిందే. లోపల గజశాల, జైలుఖానా, కోనేరు. ఈ మధ్య కొంత బాగుచేశారు గానీ చాలా గోడలు ఇంకా రావి వేళ్ళ పట్టులోనే ఉన్నాయి.

మామయ్య వీటిని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన అడిగింది తానీషా మహలు. రెండు గుట్టల మధ్య ఎత్తులో ఉంటుంది. కింద గదులు, ఒక పెద్ద హాలు, పైన అంతస్తు. కప్పు లేని చోట్ల ఎండ నేరుగా నేల మీద పడుతోంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672 నుంచి 1687 దాకా పాలించాడు. మచిలీపట్నం వైపు ప్రయాణంలో మావాళ్ళ ఆట చూసి ముచ్చటపడి కూచిపూడిని భాగవతుల కుటుంబాలకి అగ్రహారంగా రాసిచ్చాడని మా ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటారు. పట్టాదారు ఇల్లు చూడటానికొచ్చినట్టు మామయ్య హాలంతా కలియతిరిగాడు. మహలు మధ్యలో నిలబడి అరికాలితో నేల తట్టి చూశాడు. "ఇక్కడ ఆడితే శబ్దం ఎక్కడా నిలవదురా. మన గుడి ముందు మట్టి నేలే నయం" అన్నాడు.

"కప్పు పడిపోయింది కదా మామయ్యా, అప్పుడు వేరుగా ఉండేదేమో."

"ఊళ్ళిచ్చినవాడికి కప్పు లేదు, మనకి ఊరుంది. అదే చూస్తున్నా."

ఔరంగజేబు 1687లో గోల్కొండ పట్టుకుని తానీషాని దౌలతాబాదు కోటలో బంధించాడు. తానీషా అక్కడే పోయాడు. ఆయన మంత్రులు అక్కన్న మాదన్నల పేర బెజవాడలో గుహలున్నాయి. ఆయన ఇచ్చిన ఊళ్ళో మేం సంక్రాంతికి ముగ్గులు పెట్టుకుంటున్నాం.

కిందికి దిగి బొమ్మల కాలనీకి వెళ్ళాం. పండగ ముందు రోజులు కనక ప్రతి అరుగు మీదా బొమ్మలు ఎండుతున్నాయి. దశావతారాలు, అంబారీ ఏనుగు, పల్లకీ మోసే బోయీలు, ఎడ్లబండి, తాడిచెట్టెక్కిన గీతకారుడు. కొలువు పెట్టే ఇళ్ళన్నీ ఈ బొమ్మల్ని ఎరుగును. తయారయ్యే తీరు ఎరిగినవాళ్ళు తక్కువ. తెల్ల పొణికి అనే చెట్టు కర్ర దీనికి ఆధారం. తేమ పోయేదాకా ఆరబెడితే చేతిలో ఉన్నట్టే ఉండదు, అంత తేలిక. బాడిసతో, ఉలితో ముందు ఒళ్ళు చెక్కుతారు. చేతులు, తలపాగా, కొమ్ములు లాంటివి విడిగా చెక్కి అతుకుతారు. అతికేది మక్కుతో. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద అది. ఆకురాయి పట్టి, సుద్ద పూసి, ఆరాక రంగులు. మేం కూర్చున్న ఇంట్లో చెక్కేది భర్త, రంగులేసేది భార్య. మేకవెంట్రుకల కుంచెతో ఆవిడ ఒకే ఊపులో కనుబొమ గీస్తుంటే మామయ్య తన్నుకొచ్చిన మెచ్చుకోలు ఆపుకోలేక "శభాష్ తల్లీ" అన్నాడు.

అక్కడితో ఊరుకుంటే మామయ్య ఎందుకవుతాడు? నాట్యం చేస్తున్న అమ్మాయి బొమ్మ ఒకటి తీసి చెయ్యి పరీక్షగా చూశాడు.

"ఇది పతాకం కాదు, త్రిపతాకం కాదు. ఏం పట్టించావయ్యా ఈ పిల్ల చేత?"

చెక్కుతున్నాయన తలెత్తకుండానే నవ్వాడు. "వేళ్ళు విడదీస్తే కర్ర నిలవదండి. పొణికి మెత్తన. మీ ఆటకి తగ్గట్టు చేస్తే ఇంటికెళ్ళేలోపు వేలు విరుగుద్ది, నన్ను తిట్టుకుంటారు."

మామయ్యకి ఆ జవాబు నచ్చింది. పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు. మా నాన్న దగ్గర, ఆయన మా తాత దగ్గర అన్నాడాయన. ఆ పైన? ఆ పైన పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారంటారు, మా మూలపురుషుడు ముక్తఋషి, శివుడే ఆయనకి ఈ విద్య ఇచ్చాడు అన్నాడు.

"మరి తాతకీ ఋషికీ మధ్య ఎవరు?"

"ఏమో పంతులుగారూ. ఎవరో ఒకరు చెక్కే ఉంటారు కదా, లేకపోతే నాదాకా ఎట్లా వచ్చుద్ది?"

మామయ్య మాట్లాడలేదు. ఆయన్ని ఎవరైనా ఇదే ప్రశ్న అడిగితే జవాబు ఇలాగే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. నాన్న, తాత, అక్కడి నుంచి ఒక్క గెంతులో మా ఆటకి ఆద్యుడనే సిద్ధేంద్రయోగి. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి అని మా ఊళ్ళో ఇంటిపేర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఆ ఇంటిపేర్ల వెనక ఎవరెవరు ఏ వేషం కట్టారో వెనక్కి వెళ్ళినకొద్దీ చెప్పేవాళ్ళు లేరు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషం చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఆయన కథలు వినగలుగుతున్నాం. ఆయనకి నాలుగు తరాల ముందు జడ విసిరిన భామ ఎవరు?

కొండపల్లి బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి చట్టం కాపలా ఉంది. ఏ బొమ్మ కిందా చెక్కినవాడి పేరుండదు. పొణికి కర్ర దొరకడం కష్టమవుతోందన్న మాట ఆ వీధిలో చాలా గడపల్లో విన్నాం. మామయ్య ఆ అమ్మాయి బొమ్మనే కొన్నాడు. బేరమాడలేదు.

దారిలో కారాపి పులిహోర, పెరుగన్నం తిన్నాం. దుర్గమ్మ గుడి కింది ఫ్లైఓవరెక్కి, వారధి దాటి గుంటూరు వైపు పడ్డాం. మంగళగిరి కొండ పక్కనుంచి జరిగిపోయింది. కాజ టోల్‌గేటు దగ్గర కార్ల బారులో నిలబడినప్పుడు మామయ్యకి శ్రీకృష్ణదేవరాయల సంగతి చెప్పాను. రాయలు 1515లో కొండవీడు పట్టుకుని, ఆపైన కృష్ణ దాటి కొండపల్లి మీదికొచ్చాడు. మనం ఆ దండయాత్రని తిరగేసి చేస్తున్నాం అన్నాను. "ఆయనకి టోలు లేదుగా సార్" అన్నాడు డ్రైవరు.

గుంటూరు దాటాక చిలకలూరిపేట హైవే పక్కన స్పిన్నింగు మిల్లులు, మిరప చేలు, పత్తి. హైవే దిగి లోపలికి తిరిగితే కొండల వరస దగ్గరికొస్తుంది. ఈ ప్రాంతం ఇప్పుడు పల్నాడు జిల్లా. ఘాట్ రోడ్డు మలుపు తిరిగిన ప్రతిసారీ కింద పొలాలు చిన్నవవుతాయి. చదును నేల మనిషి మామయ్య కిటికీ రెక్క గట్టిగా పట్టుకుని, "వీళ్ళు ఇంత ఎత్తున ఎందుకు కూచున్నార్రా?" అన్నాడు. పైకెక్కాక ఆ ప్రశ్న మళ్ళీ వెయ్యలేదు. నాలుగు దిక్కులా మైళ్ళకొద్దీ చూపు ఆనుతుంది. ఏ దిక్కు నుంచి సైన్యం కదిలినా ముందే తెలుస్తుంది. ఇక నీళ్ళకి కొండ మీదే ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ళ చెరువులున్నాయి. ముట్టడి పడినా దాహానికి లొంగక్కర్లేదు. సీతాఫలం చెట్లు కొండంతా ఉన్నాయి గానీ కాపు కాలం దాటిపోయింది.

ఇక్కడ పేర్లకి కొదవలేదు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో మొదలుపెట్టిన రాజ్యానికి ఆయన కొడుకు అనవోతారెడ్డి కొండవీటిని రాజధాని చేశాడు. తర్వాత అనవేమారెడ్డి, కుమారగిరిరెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, చివర రాచవేమారెడ్డి. 1424తో సరి. వరస తప్పకుండా చెప్పొచ్చు, ఏళ్ళతో సహా చెప్పొచ్చు. ఎర్రన ప్రోలయ వేముడి ఆస్థానకవి, శ్రీనాథుడు పెదకోమటి వేముడి విద్యాధికారి. సుగంధద్రవ్యాలు తెప్పించిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి పేరు కూడా మిగిలింది, శ్రీనాథుడు హరవిలాసం ఆయనకి అంకితమిచ్చాడు కాబట్టి.

మామయ్యని ఇక్కడికి తీసుకురావడానికి అసలు కారణం కుమారగిరిరెడ్డి. ఆయనకి వసంతరాయడని బిరుదు. ఏటా వసంతోత్సవాలు ఘనంగా చేసేవాడు. వసంతరాజీయమని నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఆయన కొలువులో లకుమాదేవి అనే నర్తకి ఉండేది. ఆయన బావమరిది, సేనాని కాటయవేముడు కాళిదాసు నాటకానికి వ్యాఖ్యానం రాస్తూ ఆవిడ అభినయాన్ని పొగిడాడు. రాజు, సేనాని ఇద్దరూ నాట్యం తెలిసినవాళ్ళే.

కూలిన గోడ నీడన కూర్చుని ఇదంతా చెబితే మామయ్య వెంటనే అడిగింది ఒకటే. "ఆ పుస్తకం ఉందా?"

"లేదు. వేరే పుస్తకాల్లో దాని పేరు కనిపిస్తుంది, అంతే."

"ఆవిడ ఏ దరువుకి ఎలా నడిచిందో?"

"తెలీదు."

"ఇంత ఎత్తున, ఇన్ని గోడల మధ్య పెట్టుకుని ఒక్క అడుగు కూడా మిగల్చలేదన్నమాట." గొంతులో కాస్త గెలుపు వినిపించింది. "మావాళ్ళు పుస్తకం రాశారా, కోట కట్టారా? పిల్లాడి వీపు మీద తట్టి నేర్పారు. ఇవాళ్టికీ ఉంది."

నాకు అది సగమే నిజమనిపించింది. ఆ మాటే అన్నాను. లకుమ ఆట పోయిన మాట నిజమే, కానీ ఆరు వందల ఏళ్ళ తర్వాత మనం ఆవిడ పేరెత్తుకుని ఇంతదూరం వచ్చాం. ఎవరో ఒక వ్యాఖ్యాత నాలుగు ముక్కలు రాసిపెట్టాడు కాబట్టే. మనూళ్ళో ఆట మిగిలింది, ఆడినవాళ్ళు పోయారు. తానీషా పేరు చెబుతున్నాం, ఆ రోజు ఆయన ముందు ఆడినదెవరో చెప్పగలమా?

మామయ్య కాసేపు బొమ్మల కాలనీ నుంచి తెచ్చిన పొట్లం చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. "నువ్వు వాదనకి రాత్రంతా కూచునే రకం, పద" అని లేచాడు. దిగేటప్పుడు కింద గోపీనాథస్వామి గుడి చూశాం. కత్తుల బావి అంటారు. శత్రువుల్ని దర్శనానికని ఒక్కొక్కరినే పిలిచి లోపల కత్తుల మీద కూలదోశారని కథ. మామయ్య గడప దాటకుండానే దణ్ణం పెట్టాడు.

బెజవాడ చేరేసరికి చీకటిపడింది. ఉయ్యూరు దాటాక చెరుకు వాసన. నిద్రపోయాడనుకున్న మామయ్య ఉన్నట్టుండి, "రాసుకో" అన్నాడు.

"ఏంటి మామయ్యా?"

"పేర్లు. నేను కళ్ళతో చూసినవాళ్ళవి, మా నాన్న నోట విన్నవాళ్ళవి. తాతకీ యోగికీ మధ్య పూడ్చడం నావల్ల కాదు, తాత దగ్గర నుంచి ఇటు నా వల్లవుతుంది."

ముందు సత్యభామలు వస్తారనుకున్నాను. ఆయన దివిటీలు పట్టినవాళ్ళతో మొదలుపెట్టాడు. పాత్ర ప్రవేశించే సమయానికి గుగ్గిలం పొడి చల్లి మంట భగ్గుమనిపించేవాళ్ళు, తెర పట్టినవాళ్ళు, మద్దెల వాయించినవాళ్ళు, మేళం వెంట బండి తోలినవాళ్ళు. వేషాలు కట్టినవాళ్ళని ఎవరో ఒకరు తలుచుకుంటారు, వీళ్ళనెవరు తలుస్తారన్నాడు. ఒక్కో పేరుకీ ఒక ఊరు, ఒక అలవాటు, ఒక బూతుసామెత. డ్రైవరు స్పీడు తగ్గించి వింటున్నాడు. పామర్రు మలుపు తిరిగేసరికి ఫోన్లో టైపు చెయ్యడం ఆయన నోటి వేగానికి అందలేదు. మానేసి రికార్డింగు నొక్కి, ఫోను ఆయన ఒళ్ళో పెట్టాను.