ఆమె భక్తి, పొరుగువారి గుడి

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు కొసన, సముద్రపు ఒడ్డున ఉన్న జాలరిపేట కురుచికుప్పం. అక్కడి నుంచి తీరం వెంట దక్షిణానికి సాగితే ఫ్రెంచివారి పాత నగరం. ఝాన్ ఆల్బెర్ 1706లో జన్మించింది ఈ పుదుచ్చేరిలోనే. తండ్రి ఫ్రెంచి వైద్యుడు. తల్లి వైపు పోర్చుగీసు మూలాలు. పదమూడవ ఏట వివాహం, పదకొండుగురు సంతానం, ఆపై వైధవ్యం. 1741లో డూప్లేను పునర్వివాహమాడి, మరుసటి ఏడు గవర్నరు భార్యగా పుట్టినూరికి తిరిగివచ్చింది. తమిళం తెలిసిన ఆ గృహిణి ఇంటితో పాటు రాచకార్యాలనూ చక్కబెట్టింది.

ఆమె క్రైస్తవ భక్తి అచంచలమైనది. అయితే 1748లో ఆంగ్లేయుల ముట్టడి వేళ, జెసూట్ల చర్చి పక్కనున్న వేదపురీశ్వరుని ఆలయాన్ని ఫ్రెంచివారు కూల్చివేశారు. దుబాసీ ఆనందరంగ పిళ్ళై తన దినచర్యలో అందుకు ఆమెనూ జెసూట్లనూ బాధ్యులను చేశాడు. 1761లో ఆంగ్లేయులు నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు ఆ చర్చీ మిగలలేదు. అప్పటికి ఆమె పారిస్‌లో మరణించి అయిదేళ్ళు.

చర్చి 1791 నాటికి మళ్ళీ లేచింది. ఈశ్వరుడికీ వేరొక వీధిలో గుడి వెలసింది. నేటి రాజకీయం పూర్వులలో దేవతలనో, ద్రోహులనో మాత్రమే వెదకుతుంది. కుటుంబాన్ని నిలబెట్టిన ఆమె దీక్షకు నమస్కరించవచ్చు. పొరుగువారి గుడికి జరిగిన అపచారాన్ని దాచకుండానే. పెద్దలను గౌరవించడమంటే వారి కథను సగంలో ఆపకపోవడమే.