ఎర్త్ సరిగా ఉందా?

మా ఇంట జరిగిన ఒక సంగతి మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఇది మాకు గొప్ప తెచ్చే సంగతి కాదు. అయినా దాచుకోవడం మంచిది కాదనిపించింది.

ఊరి మొదట్లో మా అన్నదమ్ములకు చిన్న ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. తమ్ముడు రోజంతా అక్కడే ఉంటాడు. పెద్దవాడు తీరిక దొరికినప్పుడు చేతిసాయం చేస్తాడు. మొన్నటి వరదకు మా బాబాయి కారు రెండు రోజులు నీళ్ళలో నానిపోయింది. పాత డీజిల్ బండే. కానీ ఆ బండి మీదే మా పిన్ని వారానికి రెండుసార్లు పట్నానికి డయాలసిస్‌కు వెళ్ళి వస్తుంది. ఒకసారి తప్పితే ఆమెకు కాళ్ళు వాచి, ఊపిరి అందదు. కాబట్టి ఆ బండి ఆగడమంటే మాకు చిన్న విషయం కాదు.

నీళ్ళు చేరి ఇంజన్ కంప్యూటర్ పాడైంది. మెకానిక్కులు దాన్ని ఈసీఎం అంటారు. కొత్తది కొనే స్తోమత బాబాయికి లేదు. పట్నంలో పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర అదే నంబరుది దొరికింది. అయితే తెచ్చి బిగిస్తే సరిపోదు. ఈ బండికి తగిన ప్రోగ్రాం, తాళం కోడ్ అందులో తిరిగి రాయాలి. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి కేబుల్ పెట్టి, లాప్‌టాప్‌తో రాస్తారు.

"ఏరా, సోమవారానికి అవుతుందా?" అన్నాడు బాబాయి.

"ఎందుకవదు బాబాయ్, గంట పని" అన్నాం.

కేబుల్ పెట్టగానే ఈసీఎం తన నంబరు చక్కగా చెప్పింది. సంతోషించాం. రాయడం మొదలుపెట్టాం. ముందు పాత ప్రోగ్రాం చెరిగిపోతుంది, ఆ తర్వాత కొత్తది ఎక్కుతుంది. ఆరు శాతం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ అక్కడే. కేబుల్ మార్చాం. లాప్‌టాప్ ఆపి పెట్టాం. నాలుగోసారీ ఆరు శాతమే. ఇప్పుడు పాతదీ లేదు, కొత్తదీ లేదు. బండి తాళం తిప్పితే రేడియేటర్ ఫ్యాన్ మాత్రం హోరుమని తిరుగుతోంది.

అప్పుడు మాకు కోపం వచ్చింది. అమ్మినాయనకు ఫోన్ చేసి, "పాడైన సరుకు మాకు అంటగట్టావు, పేదవాళ్ళ డబ్బు నీకెందుకు?" అని నోటికొచ్చినట్టు మాట్లాడాం. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు. "అన్నా, ఎర్త్ సరిగా ఉందా? చూశారా?"

"మాకు నేర్పుతున్నావా?" అని ఫోన్ పెట్టేశాం.

ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ సిగ్గుగా ఉంది.

సోమవారం తెల్లవారుజామున మూడు గంటలకు పిన్నిని ఆటోలో ఎక్కించాం. సన్నగా వాన పడుతోంది. పక్కన కట్టిన టార్పాలిన్ గాలికి కొట్టుకుంటోంది. ఆమె దుప్పటి కప్పుకుని, "మీరేం బాధపడకండి నాయనా, వెళ్ళొస్తాను" అంది. ఆ మాట కన్నా తిట్టి ఉంటే బాగుండేది. ఆటో మలుపు తిరిగేదాకా చూసి, ఇద్దరం మాట్లాడుకోకుండా షెడ్డుకు వచ్చాం. ఇక ఊహలు మాని ఒక్కొక్క వైరూ కొలుద్దామనుకున్నాం.

మొదట సమాచారం వెళ్ళే వైర్లు. ఆ సాకెట్లో ఆరో పిన్నూ పద్నాలుగో పిన్నూ ఒక జంట. ఈ పద్ధతిని బాష్ కంపెనీ 1986లో లోకానికి పరిచయం చేసింది. రెండు వైర్లూ మెలితిప్పి ఉంటాయి. ఊరుకున్నప్పుడు రెండింటిలోనూ దాదాపు రెండున్నర వోల్టులు ఉంటాయి. మాట్లాడేటప్పుడు ఒకటి మూడున్నరకు ఎక్కుతుంది, ఇంకొకటి ఒకటిన్నరకు దిగుతుంది. బయటి అలజడి రెండింటికీ సమానంగా తగులుతుంది గనుక, వాటి మధ్య తేడా మాత్రం చెడదు. ఈ జంటకు రెండు చివర్లా 120 ఓంల నిరోధకాలు ఉంటాయి. బ్యాటరీ తీసేసి ఆ రెండు పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓంలు రావాలి. 120 వస్తే ఒక చివర తెగిందని అర్థం. సున్నాకు దగ్గరగా వస్తే రెండూ ఎక్కడో ఒకదానికొకటి తగిలాయని అర్థం. మాకు 60 వచ్చింది. దారి బాగానే ఉంది.

తర్వాత కరెంటు. పదహారో పిన్నుకు బ్యాటరీ ప్లస్ రావాలి, నాలుగో పిన్ను బాడీ ఎర్త్. రెండూ బాగున్నాయి. ఇక ఈసీఎం ఎర్త్ వైరు మిగిలింది. మీటరును బీప్ మీద పెట్టి ఒక కొస ఈసీఎం ఎర్త్ పిన్నుకు, ఇంకో కొస బ్యాటరీ మైనస్‌కు పెట్టాం. బీప్‌మంది. నిజానికి ఆదివారం కూడా ఇదే చూసి, 'ఎర్త్ బాగుంది' అనుకున్నాం.

తమ్ముడు కాసేపు ఆగి, "బీప్ అంటే వైరు తెగలేదని మాత్రమే కదా. బరువు మోస్తుందో లేదో అది చెప్పదు" అన్నాడు.

నిజమే. మీటరు ఆ వైరులోకి పంపేది చీమంత కరెంటు. వంద పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. అందుకని బ్యాటరీ బిగించి, తాళం తిప్పి, ఫ్యాన్ తిరుగుతుండగా వోల్టులు కొలిచాం. బ్యాటరీ దగ్గర 12.4. ఈసీఎం దగ్గర 10.1. ఫ్యాన్ ఫ్యూజు లాగేస్తే ఈసీఎం దగ్గర కూడా 12.4 అయింది. ఫ్యూజు పెడితే మళ్ళీ 10.1. ఇప్పుడు మీటరు ఒక కొసను ఈసీఎం ఎర్త్ పిన్నుకు, ఇంకో కొసను బ్యాటరీ మైనస్‌కు పెడితే 2.3 వోల్టులు చూపించింది. అక్కడ వోల్టులో పదో వంతు కూడా ఉండకూడదు.

అప్పుడు అంతా అర్థమైంది. ఈసీఎం మాట ఆగిపోతే, ఇంజన్ వేడెక్కకుండా చాలా బళ్ళలో ఫ్యాన్ దానంతటది పూర్తి వేగంతో తిరుగుతుంది. రాయడం మొదలైన కాసేపటికి ఇక్కడ జరిగిందదే. ఫ్యాన్‌కూ ఈసీఎంకూ ఎర్త్ ఒకే బోల్టు దగ్గర. ఫ్యాన్ లాగే కరెంటు దాదాపు ఇరవై ఆంపియర్లు. ఆ బోల్టు దగ్గర ఓంలో పదో వంతు అడ్డుపడినా రెండు వోల్టులు అక్కడే పోతాయి. ఈసీఎంకు చాలినంత వోల్టేజి అందక రాత మధ్యలో వదిలేస్తోంది.

ఆ బోల్టు బ్యాటరీ ట్రే కింద ఉంది. విప్పి చూశాం. లగ్గు కింద నల్లటి రంగు, మందంగా, నిగనిగలాడుతూ ఉంది.

ప్రియులారా, ఆ రంగు వేసింది మేమే. వరద తుప్పు గీకి, బాబాయి చూసి మెచ్చుకోవాలని చక్కగా రంగు కొట్టి, రంగు మీదే లగ్గు పెట్టి బోల్టు బిగించాం. మరల దగ్గర మాత్రం ఇనుము కొద్దిగా తగులుతోంది. బీప్ రావడానికి ఆ కొద్దిగా చాలు.

ఉప్పుకాగితంతో రంగంతా గీకాం. ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాం. లగ్గు కూడా శుభ్రం చేసి, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు రాశాం. ఫ్యాన్ తిరుగుతుండగా మళ్ళీ కొలిస్తే 0.05 వోల్టులు. రాసేటప్పుడు బ్యాటరీ కుంగకుండా చార్జరు తగిలించాం. ఈసీఎంలో చెరగని చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఎన్నిసార్లు రాత చెడినా తిరిగి రాయనిచ్చేది అదే. అది బతికే ఉంది. ఆరు శాతం దాటింది. పది దాటింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాం. వంద అయింది. తాళం తిప్పితే ఇంజన్ అందుకుంది.

ఆ మధ్యాహ్నం పిన్నిని ఆ బండిలోనే ఇంటికి తెచ్చాం. ఆమె కిటికీకి తల ఆనించి దారంతా నిద్రపోయింది.

ఇంకొక పని మిగిలింది. అది ఈసీఎం పని కన్నా కష్టమైంది. సాయంత్రం దాకా ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగి, చివరికి ఆయనకు చేశాం. "తప్పు మాది. మీ సరుకు మంచిదే. మేమన్న మాటలు మనసులో పెట్టుకోకండి" అన్నాం. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత ఆయన, "అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. పిన్ని సంగతి మేము కోపంలో అరిచిన అరుపుల్లోనే ఆయన విన్నాడు. విని గుర్తుపెట్టుకున్నాడు.

ఇప్పుడు మా షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఒక వరస రాసి ఉంది. బ్యాటరీ, 60 ఓంలు, బరువు మీద ఎర్త్, ఆ తర్వాతే రాత. దాని కింద తమ్ముడు ఇంకొకటి చేర్చాడు. అన్నీ చూశాకే ఫోన్.

ఆలోచించండి. బరువు పడనంత కాలం మనలోనూ అన్నీ బీప్‌మంటూనే ఉంటాయి. ఆ ఆదివారం మామీద కాస్త బరువు పడింది. మేమెంత మందంగా రంగు వేసుకున్నామో అప్పుడు తెలిసింది.