ఉప్పాడలో రెండు రోజులు

పెళ్ళయి పదకొండేళ్ళయినా మా ఆవిడ అమ్మమ్మగారి ఊరు నేను చూడలేదు. "ఈ వేసవికి వెళ్దాం", "వచ్చే సంక్రాంతికి చూద్దాం" అంటూ వాయిదాలు వేసిన పాపం నాదే. మేముండేది హైదరాబాదులో ప్రగతి నగర్. సాయంకాలం అంబీరు చెరువు గట్టున నాలుగడుగులు వేసి, ఆ నీళ్ళమీది గాలి తగిలితే చాలు, సముద్రం చూసి వచ్చినంత సంబరపడే రకాన్ని నేను. మా ఆవిడ మాత్రం "వీటిని నీళ్ళంటారా? మా ఉప్పాడ రండి, చూపిస్తాను" అనేది.

చివరకు మొన్న మాఘమాసంలో పిల్లవాణ్ణి మా అమ్మ దగ్గర వదలి, ఒక శుక్రవారం రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. మర్నాడు పొద్దున్న కాకినాడలో దిగాము. కాజాల దుకాణం ముందు నేను కాస్త ఆలస్యం చేసిన మాట నిజమే. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ నలుగురిలోనూ చెబుతూనే ఉన్నది.

కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం వెంబడే రోడ్డు. సుమారు 20 కిలోమీటర్లు. వాకలపూడి దీపస్తంభం దాటాక కుడిచేతివైపు అంతా సముద్రమే. అంత అందమైన దారి నేనెక్కడా చూడలేదనుకుంటూ ఉండగానే ఆటో ఆగింది. ఎదురుగా రోడ్డు సగమే ఉన్నది. మిగతా సగాన్ని కెరటాలు ఎప్పుడో కొరికి పట్టుకుపోయాయి. గట్టుకు అడ్డంగా పోసిన బండరాళ్ళ మీద నీళ్ళు విరుచుకుపడి, తుంపర మా మొహాలమీదికి వచ్చింది. "పెద్ద తుపాను వస్తే రోడ్డు పోద్దండీ. మళ్ళీ ఏస్తారండీ" అన్నాడు ఆటో అబ్బాయి, వాళ్ళింటి గోడకు సున్నం వేసే సంగతి చెప్పినంత తేలిగ్గా.

దారి పొడుగునా మా ఆవిడ ఆ యింటి సంగతే చెప్పింది. పెంకుటిల్లు. ముందు రెండు అరుగులు, వెనక వేపచెట్టు. దాని వెనక ఇంకొక వీధి, వీధి దాటితే ఇసుక, అటుపైన సముద్రం. చిన్నప్పుడు సముద్రంలో ఆడి యింటికి నడిచి వచ్చేసరికి తడిసిన పావడా ఆరిపోయేదట. అంత దూరమన్నమాట.

ఊళ్ళో దిగి రెండు సందులు తిరిగాము. మూడో సందు లేదు. సందు మొగలో సముద్రం ఉన్నది. అక్కడ చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మను మా ఆవిడ తన అమ్మమ్మ పేరు చెప్పి అడిగింది.

"ఆయ్! ఆరి మనవరాలివా అమ్మా?" అని ఆమె లేచి నిలబడి, నీళ్ళకేసి చెయ్యి చాపింది. "అదుగో, ఆ నీలం పడవ ఊగుతుందా? దానికి కాస్త ఇవతల. మొదట యేపచెట్టు పోయింది. మరేడు వంటిల్లు పోయింది. తర్వాత అన్నీ."

"మరి మీ యిల్లు?" అన్నాను నేను.

"ఇది మూడోది బాబూ. ముందువి రెండూ అక్కడే ఉన్నాయి."

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ నీలం పడవ ఊగినంతసేపూ చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళు వాయిదాలు వేసినందుకు నేను తల వంచుకున్నాను.

సముద్రం ఈ ఊరినే ఎందుకింత పట్టుకున్నదంటే, గోదావరి తెచ్చిన ఇసుక కాకినాడకు ఎదురుగా హోప్ ఐలండై పేరుకున్నదనీ, అది కాకినాడ రేవును కాపాడుతున్నది గాని, ఉత్తరాన ఉన్న ఉప్పాడకు అందవలసిన ఇసుక అందడం లేదనీ తెలిసినవారు చెబుతారు. ఒకరికి గొడుగు పట్టి ఇంకొకరిని తడిపినట్టున్నది. ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులతో గోడ కూడా కట్టి చూశారు. సముద్రం దాన్నీ చింపింది. పక్కనే ఉన్న మాయాపట్నంలోనూ నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయట. ఆ పేరు ఎవరు పెట్టారో గాని!

ఇంకొక వింత. తుపాను వెలిశాక ఊరివారు ఒడ్డున ఇసుక జల్లించి బంగారం ఏరుకుంటారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఈ సంగతి పత్రికల్లో కూడా వచ్చింది. లోపలికి పోయిన ఇళ్ళవీ గుళ్ళవీ నలుసులే అలా తేలుతున్నాయని వారి నమ్మకం. ఇది వినగానే మా ఆవిడ "మా అమ్మమ్మ ముక్కుపుడక కూడా దొరుకుతుందేమో" అని నవ్వింది. ఆ పూటకు అదే మొదటి నవ్వు.

రాత్రి కొత్తపల్లిలో ఆవిడకు పిన్ని వరసైన ఒకావిడ యింట్లో బస. ఆదివారం పొద్దున ఆమె మమ్మల్ని ఒక నేతవారింటికి తీసుకువెళ్ళింది. ఉప్పాడ జాందానీ చీరకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, ఆ పేరు విన్నంత మాత్రాన ఆ పని తెలియదు. ఒకే మగ్గం ముందు మొగుడూ పెళ్ళామూ పక్కపక్కన కూర్చున్నారు. పేక పోగు ఒకటి సాగగానే, బుటా వచ్చే చోటల్లా చిన్న చిన్న కండెలతో రంగు దారాన్ని పడుగులోకి చేత్తోనే ఎక్కిస్తారు. మళ్ళీ ఒక పోగు, మళ్ళీ అదే పని. పూర్తయిన చీర ఏ వైపు తిప్పినా బుటా ఒకేలా కనబడుతుంది. పనితనాన్నిబట్టి చీరకు నెలా రెండు నెలలు కూడా పడుతుంది.

"మీలో ఒకరికి కోపం వస్తే పని ఆగిపోతుంది గదా?" అన్నాను.

"ఆగితే తిండెలాగండీ? మాటలు మానేస్తాం గాని నేత మానమండీ" అన్నదామె, తల ఎత్తకుండానే. ఆయన పక్కన ముసిముసిగా నవ్వాడు. మా ఆవిడ నాకేసి చూసింది. ధర విన్నాక నేను గోడకేసి చూశాను.

సాయంకాలం రైలుకు బయలుదేరే ముందు ముసలమ్మ దగ్గరకు మళ్ళీ వెళ్ళాము. ఆమె వద్దంటున్నా వినకుండా ఎండుచేపల పొట్లం ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టింది. అది రైలు పెట్టెలో ఎంత పరిమళించిందో వేరే చెప్పనక్కరలేదు. సామర్లకోట దాటేసరికి ఎదుటి సీటు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని "ఎక్కడి చేపలమ్మా?" అని అడిగారు.

"మా అమ్మమ్మగారి యింటి దగ్గరివండీ" అన్నది మా ఆవిడ.